గేటు తీసేశాను

చీమకుర్తిలో క్రేన్లు నిలబెట్టే సందు చివర
రేకుల చర్చి. శనివారం రాత్రి ఎనిమిదిన్నర.
ఒంగోలు ట్రంకు రోడ్డులో సెకండ్ హ్యాండుకి కొన్న పియానో.
ఒక నల్ల మీట సగం దిగి ఆలోచనలో పడుతుంది.
వెనక మైకు వైరు దూర్చే కన్నం ఒకటుందని
ఏడు నెలలకి గాని నా కంటపడలేదు.

రాహేలమ్మ మైకు పట్టుకుంది,
చీపురు పట్టుకున్నట్టు, బాగా కింద.
హలో అనలేదు.
'ఉందా?' అనింది.
అడుగున రాతి పొడి మిగిలిన డబ్బాలోంచి
వచ్చినట్టు వచ్చింది గొంతు.

పంతొమ్మిదేళ్ళు పాలిషింగు మిషను కింద
నీళ్ళు పట్టిన మనిషి.
నల్లరాయిలో చుక్కలు తేలేదాకా పట్టింది.
రాయికెంత నునుపొచ్చిందో
గొంతులోంచి అంత పోయింది.

నేను మొదలుపెట్టాను.
బేసు కోసేశాను.
ఫ్యాను రొద పోయింది, లారీల గురగుర పోయింది,
దాంతోపాటు ఆమె ఛాతీ కూడా పోయింది.
కొంచెం తిరిగిచ్చాను.
మధ్యలో ఎక్కడో ముక్కుతో పలికే చోటుంటే
వెతికి వెతికి, పంటి నొప్పి మీద వేలు పెట్టినట్టు
అక్కడే అదిమాను.
పైన చిటికెడు ఎత్తాను,
పులుసు దించబోయే ముందు కొత్తిమీర.
అరిచినప్పుడు భుజం తట్టి
గొణిగినప్పుడు చెయ్యందించే కంప్రెసరు, అదీ పెట్టాను.

ఇక రివర్బు.
పియానో నిండా ఖాళీ గదులే:
రూము, స్టేజి, హాలు, కెథెడ్రలు.
ఆఖరిది నొక్కితే
పాడుతున్నదల్లా ఆగి వెనక్కి తిరిగింది.
'ఎవరబ్బయ్యా వాళ్ళంతా?'
'నువ్వేనమ్మా.'
'నేనంతమందిని కాదు.'

కాసేపు మైకుని చీర చెంగుతో తుడిచింది.
స్పీకర్లు గరగరలాడాయి.
'క్వారీలో పొద్దున్నే మిషన్లు లేపకముందు
గుంట ఒడ్డున నిలబడి పిలిస్తే
ఎదురు గోడ పలికేది. ఒక్కసారే.
అట్టా వస్తదా దీంట్లో?'

నాది లెక్కలు రాసే క్యాబిను. గుంటలోకెప్పుడూ దిగలేదు.
'ఎంత దూరముంటది ఆ గోడ?'
'రాయి విసిరితే తగలదు.
తగిలినట్టే ఉంటది.'
యాభై మీటర్లనుకున్నాను.
పోయి రావడానికి
సెకనులో మూడో వంతుకి కాస్త తక్కువ.
డిలే అంత పెట్టి, తిరుగుళ్ళు ఒకటికి కట్టేశాను.

పాడింది.
అంతా బాగుంది. అతికించినట్టు బాగుంది.
చరణానికీ చరణానికీ మధ్య
కడిగి బోర్లించిన గిన్నెలాంటి నిశ్శబ్దం.
ఏదో లేదు.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాను.
ఊపిరి లేదు.

గేటు.
గది రొద రాకుండా మొదట్లోనే నేనే వేసిన గేటు.
దానికి తెలిసిందొక్కటే, చిన్న చప్పుడంటే చెత్తని.
రాహేలమ్మ పీల్చే గాలి
సన్నగా ఈల వేస్తుంది, రెండుచోట్ల చిటుక్కుమంటుంది,
పాత తలుపు తీసినట్టు.
వెనక వరస పిల్లలు దాన్ని పట్టుకునే
పల్లవిలోకి దూకుతారు.
దాన్ని కాస్తా ఊడ్చి బయట పోసింది.

తీసేశాను.
ఫ్యాను తిరిగొచ్చింది. బల్లి వచ్చింది.
పొదిలి రోడ్డు మీద బ్రేకు వేసిన లారీ వచ్చింది.
వాటన్నిటినీ తోసుకుంటూ
ముందుగా ఈల, చిటుకు, చిటుకు,
అప్పుడు పాట.

ఏడో నంబరులో దాచుకున్నాను.

ఆదివారం ఆరాధనయ్యాక మార్చడం మర్చిపోయాను.
పాస్టరుగారు అదే మైకు అందుకుని
'తెల్ల బొలేరో అడ్డంగా ఉంది, దయచేసి తీయండి' అన్నారు.
తీయండి, అంది ఎదురు గోడ.
ఒక్కసారే.

అందరూ బండి తాళాలు తడుముకుంటుంటే
రాహేలమ్మ ఒక్కతే తలెత్తి
అటువైపు చూసింది.
అటు కిటికీ కూడా లేదు.